పరాయి మాట, పెట్టిన పేరు

ఛందస్సు మీద వ్రాస్తున్న వ్యాసాల వరుసకు ఈసారి విరామం ఇస్తున్నాను. మా ఇంటి వరండాలో జరిగిన ఒక చిన్న సంగతి మనసును పట్టుకొని వదలడం లేదు. దానిని దించుకుంటే తప్ప మరొకటి వ్రాయలేను.

మొన్న ఫాల్గుణ మాసంలో పాత పరుపులు విప్పించి దూది ఏకించుదామని ఒక పెద్దమనిషిని పిలిచాము. ఈ రోజులలో దూదిని యంత్రానికి వేసి తెచ్చేవారే గాని, ఇంటికి వచ్చి విల్లుతో ఏకేవారు అరుదు. ఈయన మాత్రం తండ్రి ఇచ్చిన విల్లును ఇంకా విడిచిపెట్టలేదు. నారిని కొయ్యపిడితో మీటినప్పుడల్లా ఆ మ్రోత వీధి చివరిదాకా వినబడుతున్నది. గడ్డకట్టిన దూది మబ్బులా విచ్చుకొంటున్నది. ఆ మబ్బును చూసి మా మనుమడు ఆగలేక అందులో దూకాడు. వరండా నిండా, పూలకుండీల నిండా, నా కళ్ళజోడు నిండా దూది. నేను కేకవేశాను – “ఒరేయ్, పింజారి వెధవా!” అని.

విల్లు ఆగింది. ఆయన నా వంక చూడలేదు. ఎగిరిన పింజలను ఒక్కొక్కటే ఏరి కుప్ప మీద వేస్తూ అన్నాడు: “మేమేనండి పంతులుగారూ ఆ పింజారోళ్ళం. ఇటు గుంటూరు వైపు దూదేకులోళ్ళంటారు. మా అమ్మోళ్ళది కర్నూలు పక్క. అక్కడ ఆ మాటే అంటారు.”

“మిమ్మల్ని గురించి కాదండీ, ఊరికే నోటి అలవాటు” అన్నాను.

“తెలుసండీ. ఊరికేనే అంటారు” అని ఆయన మళ్ళీ విల్లు అందుకున్నాడు.

ముప్పై ఏడేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినవాడిని. ఆ “ఊరికేనే” అన్న మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. పండితుడు ఇబ్బందిలో పడితే చేసే పని ఒక్కటే – నిఘంటువు తీయడం. నేనూ అదే చేశాను.

సంస్కృతంలో ‘పింజనము’ అంటే దూది ఏకే విల్లు. మనం నిత్యం అనుకొనే దూదిపింజలోని ‘పింజ’ ఆ కుటుంబానిదే. ‘పింజారి’ అన్న రూపం మరాఠీ, హిందుస్తానీల మీదుగా మనకు వచ్చినది. దూది ఏకేవాడు అని అర్థం. అంతకుమించి అందులో చెడ్డ అక్షరం ఒక్కటి లేదు. మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల జాబితా తీసి చూస్తే దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని నాలుగు పేర్లు ఒకే వరుసలో కనబడతాయి. మొదటిది మన తెలుగు. రెండవది అరబ్బీ ‘నద్దాఫ్’. దానికీ దూది ఏకేవాడనే అర్థం. మూడవది చెప్పాను. అంటే ఒకే పనికి మూడు భాషలలో మూడు పేర్లు. నాలుగవ పేరులో మాత్రం పని ప్రసక్తి లేదు. ‘నూర్’ అంటే వెలుగు. పిల్లలకు పెళ్ళిళ్ళు చేసేటప్పుడు, సంఘాలు పెట్టుకొనేటప్పుడు వారు ఈ నాలుగవ దానినే ఎక్కువగా ముందుకు తెచ్చుకోవడం చూస్తున్నాను.

నన్ను ఆపిన ప్రశ్న ఇది: ఒకే పనికి ఉన్న మూడు పేర్లలో పచ్చి తిట్టుగా స్థిరపడినది పింజారి ఒక్కటే ఎందుకయింది? గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పత్తిచేలకు పేరు పడినవి. దూదేకుల కుటుంబం లేని పెద్ద ఊరు ఇక్కడ దాదాపు కనబడదు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. మస్తానయ్య, నాగూరయ్య, హుస్సేనమ్మ అని సగం ఇటు, సగం అటు పేర్లు పెట్టుకుంటారు. ‘దూదేకుల’ అనగానే ఊరివాడికి ఫలానా ఇంటి ఫలానా మనిషి కళ్ళ ముందుకు వస్తాడు. ఆ మనిషి మొహం గుర్తుకు వస్తే పేరును తిట్టుగా వాడడానికి కొంచెమైనా నోరు వెనకాడుతుంది. ‘పింజారి’ అలా కాదు. ఆ మాట మా కోస్తా పల్లెలకు మనిషి లేకుండా వట్టి మాటగా వచ్చినది. ఎవరి పేరో తెలియని మాటను ఎవరి మీదనైనా విసరవచ్చు. ఇది నా ఊహే. అయితే నలభై ఏళ్ళ క్రితం మరొక మాట విషయంలో నాకు తగిలిన దెబ్బ కూడా ఈ ఊహ వైపే తోస్తున్నది. దానిని చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

ముందు ఒక అపోహ తొలగించుకుందాము. పరాయి మాట కాబట్టి అవమానం, మన మాట కాబట్టి గౌరవం అని ఏమీ లేదు. ‘రైతు’ కంటె మనకు గౌరవమైన మాట ఏముంది? అది అరబ్బీ ‘రఇయ్యత్’. దాని మూలార్థం కాపరి మేపే మంద. ఆ పిదప ఏలికకు లోబడిన జనం. మిరపకాయల టిక్కీలు వేసుకొని గుంటూరు యార్డుకు వచ్చిన ఏ ఆసామీ కూడా ‘నన్ను మందలో పశువని అంటారా’ అని కోపగించుకున్నట్లు నేను వినలేదు. అదే యార్డులో ‘దళారి’ అని చూడండి. అదీ అరబ్బీయే – బేరం కుదిర్చేవాడు అని. ఈనాడు ఎవరినైనా దళారి అంటే కొట్లాటకు వస్తారు. ‘కమీషన్ ఏజెంటుగారూ’ అంటే టీ ఇప్పిస్తారు. రెండూ అరువు మాటలే, పనీ ఒక్కటే.

మన మాట పరాయి నోట పడినప్పుడూ ఇంతే. మిరపకాయల తొడిమలు తీసే చోట ‘కూలి ఎంత?’ అని అడగడంలో తప్పు లేదు. ఇంగ్లీషువారి ‘కూలీ’ మన కూలి నుండే వెళ్ళినదని కొందరు, గుజరాతు కోళీల పేరు నుండి పుట్టినదని కొందరు అంటారు. ఎలా పుట్టినా, 1860 నవంబరు 16న మద్రాసు నుండి ‘ట్రూరో’ ఓడ డర్బను రేవు చేరిన తరువాత ఆ దేశంలో అది భారతీయుడన్న ప్రతివాడికీ తగిలించిన పేరయినది. తెలుగువారు, తమిళులు చెరుకుతోటలలో విన్న పిలుపు అదే. నేటికీ దక్షిణాఫ్రికాలో దానిని నోట పలకరాని తిట్టుగానే ఎంచుతారు.

అక్కడే ఇంకొక మాట ఉండేది – ‘సామి’. తమిళుల, తెలుగువారి పేర్ల చివర వినబడే స్వామి శబ్దాన్ని పట్టుకొని తెల్లవారు భారతీయుడినల్లా ‘సామీ’ అని హేళనగా పిలిచేవారు. గాంధీగారు ఆత్మకథలో ఈ సంగతి చెబుతూ, కొందరు భారతీయులు ‘సామి అంటే యజమాని, నేను నీకు యజమానిని కాను కదా’ అని తిప్పికొట్టేవారని వ్రాశారు. మన భాషలలో దేవుడికి పెట్టిన మాట అది. దానినే తిట్టుగా వాడగలిగారు. తరగతిలో ఈ భాగం నేను నవ్వుతూ చెప్పేవాడిని, పిల్లలూ నవ్వేవారు. అది నా మీదికే వస్తుందని ఊహించలేదు.

ఇక అసలు కథ. 1983లో ఉద్యోగంలో చేరాను. ఒంగోలు–చీరాల మధ్య ఒక పెద్ద గ్రామంలో ఉన్నత పాఠశాల. 1985–86 విద్యాసంవత్సరంలో తొమ్మిదవ తరగతికి నేను తరగతి ఉపాధ్యాయుడిని. ఉపకారవేతనాల కాగితాలు నింపవలసి వచ్చినది. హాజరుపట్టీ తీసి, “హరిజన విద్యార్థులందరూ లేచి నిలబడండి” అన్నాను. అంతకు ముందు ఏళ్ళలో కూడా అలాగే అన్నాను, లేచారు. ఈసారి ఆరుగురు లేచారు. వెనుక వరుసలో ఒకడు లేవలేదు.

“నువ్వు లేవవేమిరా?”

“పేరు పెట్టి పిలవండి మాస్టారూ, లేస్తాను.”

“హరిజన అన్నాను కదా!”

“ఆ మాట మాకొద్దని చీరాలలో చెప్పారండి.”

నాకు కోపం వచ్చినది. వాడి మీద కంటె మాట తరఫున వచ్చినది. నల్లబల్ల మీద ‘హరిజనులు = హరి యొక్క జనులు; షష్ఠీ తత్పురుషము’ అని వ్రాశాను. ఇంతకంటె ఉత్తమమైన సమాసం మీకు ఎవరు ఇస్తారని ప్రశ్నించాను. వాడు తల దించుకొని ఊరుకున్నాడు. లేవలేదు. మిగిలిన పాఠం సేపు వాడిని వసారాలో నిలబెట్టాను. లేచి నిలబడి ఉన్న ఆరుగురిలో ఇద్దరు నెమ్మదిగా కూర్చోవడం చూసి కూడా చూడనట్లు ఊరుకున్నాను.

చీరాలలో చెప్పినది ఏమిటో తెలియనివాడిని కాను. ఆ ఏడు జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. ప్రాణాలు దక్కినవారు ఊరు విడిచి పక్కనే ఉన్న చీరాలకు చేరి శిబిరం వేసుకున్నారు. నెలల తరబడి మా పాఠశాలలో ఉపాధ్యాయులు ఆ మాటను గుసగుసగా తప్ప మాట్లాడలేదు. ఆ శిబిరం నుండే దళిత మహాసభ పుట్టినది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు దానికి నాయకులు. పద్మారావుగారు పొన్నూరు కళాశాలలో సంస్కృతం బోధించినవారు. అంటే ‘హరిజన’ను తోసిపుచ్చినవారికి సమాసం తెలియక కాదు. ఈ ఒక్క సంగతి తెలిసిన రోజున నా నల్లబల్ల పాఠం తలచుకొని సిగ్గుపడ్డాను.

నేను చదివిన వ్యాకరణంలో మొదటి మెట్టు మాటలను పుట్టుకనుబట్టి విడదీయడం: తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం. సంస్కృతం నుండి నేరుగా వచ్చినది పై వరుసలో, పల్లె నోటిది అడుగున. (ఈ వర్గీకరణ ఎక్కడో చూసినట్లు ఉన్నదే అని ఆ రోజులలో నాకు తట్టనే లేదు.) కనుక నా దృష్టిలో ‘మాదిగ’ అనడం మోటు, ‘హరిజన’ అనడం మర్యాద. మర్యాదగా పిలిచినా నొచ్చుకుంటే తప్పు వినేవాడిదే. ఇదీ నా తర్కం. ఆ తర్కం ఎంత కాలం నుండి ఓడిపోతూ వస్తున్నదో చరిత్ర చదివితే గాని తెలియలేదు.

‘పంచమ’తో మొదలుపెడదాము. అది కూడా తత్సమమే. సంగీతంలో కోకిల పాడేది పంచమ స్వరమని చెబుతారు. అంత ఇంపైన మాట. మనుస్మృతి పదవ అధ్యాయం ఐదవ వర్ణమంటూ లేదని చెబుతుంది. లేదని శాస్త్రం చెప్పిన ఐదవ స్థానాన్నే కొందరికి పేరుగా పెట్టారు. 1917 నవంబరులో బెజవాడలో ప్రథమ పంచమ మహాజన సభ జరిగినది. అధ్యక్షులు హైదరాబాదువారైన భాగ్యరెడ్డివర్మ. సభ పేరులోని ‘పంచమ’నే ఆ సభ త్రోసివేసి, ‘ఆది ఆంధ్ర’ అని మార్చుకున్నది. మేము ఐదవవారము కాము, మొదటివారము అని. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా దస్త్రాలలో పాత పేర్లు మాని ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని వాడడానికి ఒప్పుకున్నది. ఆ పేరు వారు తమకు తాము పెట్టుకున్నది. అందుకే కావచ్చు, ‘ఆది ఆంధ్ర’ అంటే నొచ్చుకున్నవారిని నేను చూడలేదు.

అదే 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారి ‘మాలపల్లి’ వెలువడినది. గుంటూరు వకీలు, శారదానికేతన స్థాపకులు, జైలులో కూర్చొని వ్రాసిన నవల. ప్రభుత్వం దానిని నిషేధించడం అందరూ ఎరిగినదే. నాకు ఇప్పుడు ఎక్కువ విలువైనదిగా తోచేది ఆ పేరు. అచ్చమైన దేశ్య పదాన్ని ఏ సంస్కృత ముసుగూ వేయకుండా అట్ట మీద అచ్చువేశారు.

మన ప్రాంతంలో మరొక దారి కూడా తెరుచుకున్నది – మతం మారి కొత్త పేరు పెట్టుకోవడం. ధాత కరువు వెనువెంటనే, 1878 జులై 3న ఒంగోలు మిషను క్లౌ దొర ఆధ్వర్యంలో గుండ్లకమ్మ ఒడ్డున వేలంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. హీబ్రూ నుండి గ్రీకుకు, ఆ పిదప తెలుగుకు నడచి వచ్చిన యోహాను, అబ్రహాము, మరియమ్మ అనే పేర్లు మన పల్లెలలో ఇంటి పేర్ల పక్కన చేరినవి. ఎంత దూరపు అరువు! అయినా ఆ పేర్లను ఎవరూ అవమానమనుకోలేదు. తమంతట తాము తీసుకున్నవి కనుక. చిత్రమేమంటే, క్లౌ దొర భార్య ఎమ్మా 1899లో ఈ మాదిగల కథలనే ప్రేమగా ఇంగ్లీషులో పుస్తకంగా వేస్తూ, ‘చెప్పులు కుడుతూ – ఒక తెలుగు పరయా తెగ కథలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ‘పరై’ తమిళంలో డప్పు. పరయరులు తమిళదేశపు వారు. మన మాదిగలకు ఆ పేరు లేదు. కాని ఇంగ్లీషులో అప్పటికే ఆ మాటకు వెలివేయబడినవాడని అర్థం స్థిరపడినది కాబట్టి, ఎక్కడి పేరో తెచ్చి ఇక్కడివారికి తగిలించారు. ఇందులో ఆమెకు ద్వేషం ఉన్నదని నేను అనను. నాకు మాత్రం ఉన్నదా ఏమిటి, ఆ రోజు తరగతి గదిలో?

ఆ దూరపు హీబ్రూ పేరు పెట్టుకున్నవారిలోనే మన మహాకవి ఒకరు. గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. ఉభయభాషాప్రవీణులు, గుంటూరులో తెలుగు పండితులుగా పనిచేసినవారు. అంటే మా శాఖవారే. 1941 నాటి ‘గబ్బిలం’లో నాయకుడిని ఆయన అరుంధతి బిడ్డగా పరిచయం చేశారు. అరుంధతి మాదిగల ఆడపడుచని చెప్పుకొనే పాత కథను ఆధారం చేసుకొని వచ్చిన గౌరవనామం అది. అప్పటికి దేశమంతటా మ్రోగుతున్నది మాత్రం ‘హరిజన’ శబ్దమే.

దాని చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1932 సెప్టెంబరులో పూనా ఒప్పందం జరిగిన తరువాత గాంధీగారు ‘అస్పృశ్య’ అన్న మాటకు బదులు ‘హరిజన’ను దేశమంతటా ప్రచారంలోకి తెచ్చారు. పేరు తాను కల్పించినది కాదనీ, గుజరాతీ భక్తకవి నర్సింహ మెహతా వాడిన మాట అనీ, దానిని తనకు సూచించినది కూడా ఆ వర్గానికి చెందిన వ్యక్తియే అనీ ఆయన చెప్పుకున్నారు. 1933 ఫిబ్రవరిలో ‘హరిజన్’ వారపత్రిక వచ్చినది. ఆ ఏడు డిసెంబరులో ఆయన హరిజన యాత్ర మన ఆంధ్రదేశంలో నడిచినది. సదుద్దేశం గురించి నాకు సందేహం లేదు. నాటాలులో ‘సామి’ అని పిలిపించుకున్న మనిషికి, గొప్ప మాట కూడా పైనుండి పడితే ఎలా తగులుతుందో మనకంటె బాగా తెలిసి ఉండవలసినది కదా అన్నదే నా అరకొర ఆక్షేపణ. పెద్దలు మన్నింతురుగాక.

ఆ పేరు వద్దని మొదట చీరాలలో చెప్పారని నేను చాలా కాలం అనుకున్నాను. అదీ తప్పే. 1938 జనవరిలో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో ‘హరిజన’ శబ్దం చేర్చబోతే అంబేడ్కర్‌గారు, ఆయన పక్షం వారు అభ్యంతరం చెప్పి, వినకపోతే సభ నుండి లేచి వెళ్ళిపోయారు. ఇంకొక సంగతి నన్ను మరీ కుంగదీసినది. కులధ్రువపత్రాలలో ఆ మాట వాడవద్దని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు 1982లోనే వ్రాసినది. నేను ఉద్యోగంలో చేరక ముందే! ఆ ఉత్తరువు మా పాఠశాల బీరువా దాకా రాలేదు, ఒకవేళ వచ్చినా ఎవరూ విప్పి చదివి ఉండరు. ఆ పిల్లవాడు ప్రభుత్వం చెప్పినదే చెప్పాడు, వసారాలో నిలబడ్డాడు. 2017లో సుప్రీంకోర్టు కూడా ఈ మాట నేడు పిలుపుగా కాక అవమానించే తిట్టుగానే వాడబడుతున్నదని వ్యాఖ్యానించినది.

మరి ‘దళిత’? అదీ సంస్కృతమే, అదీ అరువే. మరాఠీ నేల మీద ఉద్యమపదంగా ఎదిగి, 1972లో బొంబాయిలో దళిత పాంథర్స్ ఏర్పడిన తరువాత దేశమంతటా వ్యాపించి, 1985లో చీరాల మీదుగా మా ఊళ్ళకు వచ్చినది. నలగగొట్టబడిన, చీల్చబడిన అని అర్థం చెబుతారు. మేము కావ్యాలలో చదువుకున్న దళిత శబ్దానికి ఇంకొక అర్థం కూడా ఉన్నది – విచ్చుకున్న, వికసించిన. తామరపువ్వుకు విశేషణంగా వేస్తారు. ధాతువు ఒక్కటే, పగలడమూ విచ్చుకోవడమూ అందులోనే ఉన్నవి. ఈ సంగతి తరువాతి బ్యాచ్‌లలో ఒకసారి చెబితే ఒక అమ్మాయి, “అయితే ఎవరు అనుకుంటే అదేనాండి?” అన్నది. అవుననీ కాదనీ చెప్పక పాఠంలోకి వెళ్ళిపోయాను. 2018లో కేంద్ర సమాచార మంత్రిత్వశాఖ ఈ మాట మాని ‘షెడ్యూల్డు కులం’ అనే వ్రాయండని టీవీ చానళ్ళకు సలహా ఇచ్చినది. చాలామంది దళిత రచయితలు అందుకు ఒప్పుకోలేదు. మళ్ళీ పైనుండి వచ్చిన పేరే కదా.

అయితే మా ప్రకాశం నేల ఇంకొక మలుపు చూపినది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో మరొక మారణకాండ జరిగినది. ఆ తరువాత మూడేళ్ళకు, 1994 జులై 7న నాగులుప్పలపాడు దగ్గరి ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఏర్పడినది. మంద కృష్ణ తన పేరు చివర ‘మాదిగ’ చేర్చుకున్నారు. చూస్తుండగానే వందలమంది చేర్చుకున్నారు. రిజర్వేషన్లలో ఉపవర్గీకరణ కావాలన్నది వారి పోరాటం. దానిపై మాలల పక్షాన గట్టి అభ్యంతరాలు ఉన్నవి. 2004లో సుప్రీంకోర్టు ఒక విధంగా, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మరొక విధంగా తీర్పు చెప్పినవి. ఆ వాదంలోకి నేను వెళ్ళను, నా విషయం మాట వరకే. అగ్రహారం నోట ఎన్ని సామెతలలోనో ఈసడింపుగా పలికిన ఆ దేశ్యపదాన్ని, దాని సొంతదారులు కండువా వేసుకున్నంత దర్జాగా పేరు చివర వేసుకున్నారు. ఉద్యమానికి పెట్టుకున్న ‘దండోరా’ అన్న పేరు మాత్రం హిందుస్తానీ నుండి వచ్చిన అరువు మాట. చాటింపు అని అర్థం. చాటింపు వేసే డప్పు తరతరాలుగా వారి చేతిదే కనుక ఆ మాట ఎక్కడి నుండి వచ్చినదని ఎవరూ అడగలేదు.

1996 వేసవిలో మా ఇంటికి ఒక శుభలేఖ వచ్చినది. పెళ్ళికొడుకు ఆ వెనుక వరుస కుర్రవాడే. డిగ్రీ చేసి ఉద్యోగంలో చేరాడని విని ఉన్నాను. శుభలేఖలో వాడి పేరు, పక్కన బి.ఏ., దాని పక్కన ‘మాదిగ’. “ఎవరిదండీ?” అని మా ఆవిడ వంటింట్లో నుండి అడిగితే పేరు పైకి చదివాను. చివరి మాట దగ్గర ఆగిపోయాను. ఆ మాట అనకూడదని చిన్నప్పటి నుండి నేర్చుకున్న మర్యాద నా నాలుకను పట్టుకున్నది. అచ్చువేసుకున్నవాడికి లేని సంకోచం నాకెందుకో అర్థం కాలేదు.

పెళ్ళికి వెళ్ళాను. పందిట్లో మైకు పట్టుకున్న కుర్రవాడు కానుకలు చదివిస్తున్నాడు. నన్ను చూసి పెళ్ళికొడుకు పీట మీద నుండి లేవబోతే వద్దని సైగ చేశాను. వాడు మైకు కుర్రవాడిని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. “మా తెలుగు మాస్టారుగారు వధూవరులను పూర్తి పేర్లతో పిలిచి ఆశీర్వదిస్తారు” అని మైకులో వినబడింది. శుభలేఖ కోసం జేబులో వెతుక్కున్నాను. అవసరం లేదని తెలిసి కూడా వెతుక్కున్నాను. ఆ తరువాత మైకు అందుకొని, ఒక్క అక్షరం వదలకుండా పిలిచాను. వాడు లేచి నిలబడ్డాడు.